జెల్డా క్విజ్‌కు ప్రశ్నలు కావాలి: అంకె చెప్పి తప్పించుకునే వీలు ఉండకూడదు

గాలిమర_వీధి:

అందరికీ నమస్కారం. వచ్చే నెల మొదటి ఆదివారం మా ఇంట్లో పన్నెండు మందిమి కూర్చుని 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' వీడియో ఆటల మీద ఒక చిన్న క్విజ్ పెట్టుకుంటున్నాము. ప్రశ్నలు రాసే పని ఈసారి కూడా నా మీదే పడింది. పోయినసారి నేను 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లో ష్రైన్‌లు (చిక్కుముడులు విప్పే గుడులు) ఎన్ని, అక్కడక్కడా దాచిన కొరోక్ విత్తనాలు ఎన్ని అన్న తీరులోనే ఇరవై ప్రశ్నలు వేశాను. 120 అని ఒకరు, 900 అని మరొకరు చెప్పుకుంటూ పోయారు. ఆ ఆటలో నూరు గంటలు తిరిగినవాడికీ, బల్ల కింద ఫోన్ పట్టుకుని వెతికినవాడికీ తేడా లేకుండా పోయింది. చివరికి మా చిన్నాన్నగారి అబ్బాయి "అన్నయ్యా, ఇది క్విజ్ కాదు, ఎక్కాల అప్పగింత" అన్నాడు. నాకు కోపం వచ్చిన మాట నిజమే కానీ వాడన్నదీ నిజమే.

అందుకని ఈసారి ఒక నియమం పెట్టుకున్నాను. జవాబు ఒక్క మాటలో ముగిసినా ఫరవాలేదు, కానీ దాని వెనుక ఒక 'ఎందుకు' ఉండాలి. ఆ కారణం ఆటలోనిదైనా కావచ్చు, ఆటను తయారుచేసినవారి గదిలోనిదైనా కావచ్చు. ఉదాహరణకు అదే 900 విత్తనాల ప్రశ్నను ఇలా తిప్పి అడగవచ్చు: సంచిలో అరలన్నీ పూర్తిగా పెంచుకోవడానికి 441 విత్తనాలే చాలు గదా, మిగిలినవి ఎందుకు పెట్టారు? ఎవరు ఏ దారిన తిరిగినా కావలసినన్ని దొరకాలని పెట్టారే తప్ప, ఒక్కరే 900 ఏరాలని కాదు. పట్టుబట్టి అన్నీ ఏరినవారికి, ఆ విత్తనాలు తీసుకుని సంచి పెంచే హెస్టు అనే పాత్ర ఇచ్చే బహుమతి బంగారు రంగులో మెలికలు తిరిగిన ఒక కుప్ప. అది దేని ఆకారమో ఇక్కడ రాయను, చూసినవారికి తెలుసు.

నా దగ్గర ప్రస్తుతం మూడు ప్రశ్నలు ఉన్నాయి. మొదటిది: 1986 నాటి మొదటి ఆటలో పోల్స్ వాయిస్ అనే పెద్ద చెవుల శత్రువుకు గట్టి శబ్దం పడదని రాశారు, మరి అమెరికా పిల్లలు ఆటలో ఎంత శబ్దం చేసినా అది ఎందుకు చావలేదు? రెండవది: 'ట్వైలైట్ ప్రిన్సెస్' ఒక యంత్రంలో ఆడితే సూర్యుడు పడమట ఉదయిస్తాడు, ఎందుకు? మూడవది: 'ఒకరీనా ఆఫ్ టైమ్'లో వాన కురిపించే పాటను కట్టినది ఎవరు?

ఇవి మరీ సులువుగా ఉన్నాయా, మరీ కష్టంగా ఉన్నాయా అన్నది చెప్పండి. మీ దగ్గర ఉన్నవి కూడా పంచుకోండి. మా వాళ్లలో సగం మంది 2017లో 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' వచ్చిన తరువాతే ఈ ఆటలలోకి వచ్చినవారు అన్న సంగతి దృష్టిలో ఉంచుకోవలసిందిగా కోరుతున్నాను.

పాతక్యాసెట్:

గాలిమర గారూ, మీ మొదటి ప్రశ్న నాకు చాలా ఇష్టమైనది కాబట్టి దానికే ముందు సమాధానం ఇస్తాను. జపాన్‌లో నింటెండో అమ్మిన ఫ్యామికామ్ అనే ఆట యంత్రానికి రెండు కంట్రోలర్లు తీగలతో శాశ్వతంగా అతికి ఉండేవి. వాటిలో రెండవదానికి స్టార్ట్, సెలెక్ట్ బటన్లు ఉండవు. ఆ చోట ఒక చిన్న మైకు, పక్కన శబ్దం పెంచే తగ్గించే మీట ఉంటాయి. పోల్స్ వాయిస్‌లు ఉన్న గదిలోకి వెళ్లి ఆ మైకులో కేక వేస్తే అవి చచ్చేవి. ఆట అమెరికాకు వెళ్లినప్పుడు అక్కడ అదే యంత్రానికి రూపమైన ఎన్‌ఈఎస్ కంట్రోలర్లకు మైకు లేదు. కానీ పెద్ద చెవుల దెయ్యానికి శబ్దం పడదన్న వాక్యం మాత్రం ఆట వెంట ఇచ్చే పుస్తకంలో అలాగే మిగిలిపోయింది. పాపం, చదివిన పిల్లలు శబ్దం అంటే ఆటలో దొరికే పిల్లనగ్రోవి కాబోలు అనుకుని దాన్ని ఊది చూసేవారు. దాని వల్ల ఏమీ జరగదు. కత్తితో అయితే పదే పదే కొట్టాలి, ఒక్క దెబ్బతో చంపేది బాణమే. ఇరవై ఏళ్ల తరువాత 2007లో డీఎస్ యంత్రం మీద వచ్చిన 'ఫాంటమ్ అవర్‌గ్లాస్'లో మళ్లీ మైకు దొరికింది గనుక, ఆ చెవులవాడిని అరిచి లొంగదీసే పద్ధతి తిరిగి వచ్చింది. మీవాళ్లు ఎవరైనా ఈ రెండవ సగం కూడా చెబితే రెట్టింపు మార్కులు ఇవ్వండి.

ఇక నా వంతు. మొదటి ఆట మొదలయ్యే తెర మీద వినిపించే పాట ఒక్క రాత్రిలో ఎందుకు పుట్టవలసి వచ్చింది? జవాబు: సంగీతకారుడు కోజీ కొండో ముందుగా ఫ్రెంచి స్వరకర్త రవెల్ కట్టిన 'బొలెరో'ను ఆ చోట పెట్టాలనుకున్నారు. రవెల్ మరణించింది 1937 డిసెంబరులో. ఆట విడుదల 1986 ఫిబ్రవరి 21న. అంటే ఆయన పోయి యాభై ఏళ్లు నిండలేదు, హక్కులు ఇంకా అమలులో ఉన్నాయి. ఆ సంగతి బాగా ఆలస్యంగా తెలియడంతో, ఆట నాయకుడు లింక్ బయట నేలమీద తిరిగేటప్పుడు వచ్చే బాణీనే తీసుకుని కొండో దాన్ని రాత్రికి రాత్రి మార్చి రాశారు. నలభై ఏళ్లుగా మనం ఈల వేస్తున్నది ఆ రాత్రి పనినే.

ఇంకొకటి, ఇది మీ కొత్తవారికి కూడా నచ్చుతుంది. రెండవ ఆటలో రూటో అనే ఊరిలో ఒక ఇంట్లో గడ్డం ఉన్న భారీ మనిషి ఉంటాడు. అతనితో మాట్లాడితే "ఐ యామ్ ఎర్రర్" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటాడు. ఆట పాడైపోయిందని అనుకున్నవారు, అనువాదంలో పొరపాటు అనుకున్నవారు లెక్కలేనంత మంది. పొరపాటు ఉన్న మాట నిజమే కానీ అది అతని దగ్గర కాదు. జపాన్ భాషలోనూ అతని పేరు ఎర్రరే. అదే ఆటలో మరొకచోట అడవిలో బాగు అనేవాడు ఉంటాడు. 'బాగు' అంటే మన తెలుగు బాగు కాదు, జపాన్‌వారు 'బగ్' అన్న మాటను పలికే తీరు. ఒకడు ఎర్రర్, ఒకడు బగ్: ప్రోగ్రామ్ రాసినవారి వేళాకోళం అది. ఇంగ్లీషులోకి తెచ్చినవారు రెండవవాడి పేరును పోల్చుకోలేక బాగు అనే వదిలేయడంతో, జంటలో మిగిలిన ఎర్రర్ మాత్రం ఒంటరిగా నవ్వులపాలయ్యాడు. తెలుగువారికి ఈ ప్రశ్న వేస్తే 'బాగు' దగ్గరే తప్పుదారి పడతారు కాబట్టి మరింత బాగుంటుంది.

ఎడమచేతివాటం:

నా పేరు చూసిన వెంటనే మీకు అర్థమై ఉంటుంది, నేను రెండవ ప్రశ్న కోసమే వచ్చాను. లింక్ మొదటి నుంచీ ఎడమచేతితో కత్తి పట్టేవాడు. స్కూల్లో ఎడమచేత్తో రాస్తే దెబ్బలు తిన్న నాలాంటివారికి ఆ పచ్చ టోపీ కుర్రవాడు ఎంత ఓదార్పో మాటల్లో చెప్పలేను. 'ట్వైలైట్ ప్రిన్సెస్'ను మొదట గేమ్‌క్యూబ్ అనే యంత్రం కోసం తయారుచేశారు, అందులోనూ లింక్ ఎడమచేతివాడే. ఇంతలో వీ (Wii) అనే కొత్త యంత్రం వచ్చింది. అందులో కత్తి తిప్పాలంటే చేతిలోని రిమోట్‌ను ఆడించాలి. ఆడేవారిలో ఎక్కువమంది కుడిచేతివారు కాబట్టి, తెర మీదివాడు ఎడమచేయి ఆడిస్తూ ఉంటే పొసగడం లేదు. ఒక్క లింక్‌ను మారిస్తే చుట్టూ ఉన్న కదలికలన్నీ మళ్లీ సరిచేయవలసి వస్తుంది గనుక, మొత్తం ప్రపంచాన్నే అద్దంలో బింబంలాగా తిప్పివేశారు. ఊళ్లు, దారులు, డంజన్‌లు (శత్రువులు, చిక్కుముడులు నిండిన గుహలు, కోటలు) అన్నీ ఎడమవి కుడికి, కుడివి ఎడమకు మారాయి. వాటితోపాటు సూర్యుడు కూడా. అందుకే 2006 నవంబరులో వచ్చిన వీ ఆటలో తెల్లవారేది పడమట, తరువాతి నెలలో వచ్చిన గేమ్‌క్యూబ్ ఆటలో తూర్పున.

దీనికి ఒక తోక ప్రశ్న కూడా ఉంది. 2016లో అదే ఆటను వీ యూ అనే తరువాతి యంత్రం కోసం మెరుగుపరచి విడుదల చేసినప్పుడు సూర్యుడు ఎటు? మామూలుగా ఆడితే తూర్పు. హీరో మోడ్ అనే మరింత కష్టమైన తీరు ఎంచుకుంటే మళ్లీ అద్దం ప్రపంచమే. ఈ తోక చెప్పగలిగినవాడు తప్పకుండా ఆ మోడ్ ఆడి దెబ్బలు తిన్నవాడే అయి ఉంటాడు. 2011లో 'స్కైవార్డ్ స్వోర్డ్' వచ్చేసరికి ప్రపంచాన్ని తిప్పే శ్రమ లేకుండా లింక్‌నే కుడిచేతివాడిని చేశారు. 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'లోనూ అంతే. ఇది నా వ్యక్తిగత దుఃఖం, దాన్ని పక్కన పెడతాను.

నేను ఇచ్చే ప్రశ్న 1993లో గేమ్ బాయ్ మీద వచ్చిన 'లింక్స్ అవేకెనింగ్' గురించి. ఆటలో అందరూ ఉన్నట్టుండి మిమ్మల్ని "దొంగా" అని పిలవడం మొదలుపెడితే దానికి కారణం ఏమిటి? మేబే అనే పల్లెలో ఒక దుకాణం ఉంటుంది. అందులో విల్లు ధర 980 రూపీలు. గడ్డి కోసి, కుండలు పగలగొట్టి అంత కూడబెట్టడం పిల్లలకు పెద్ద పరీక్ష. అయితే దుకాణదారుడు మనం ఎటు తిరిగితే అటు మెల్లగా తల తిప్పి చూస్తూ ఉంటాడు. వస్తువును ఎత్తుకుని అతని చుట్టూ వేగంగా తిరిగి, అతని చూపు ఇంకా అటువైపు ఉండగానే తలుపు దాటితే విల్లు మనదే. ఆ క్షణం నుంచి ఆటలో మీ పేరు పోయి 'దొంగ' అనే మాట మిగులుతుంది. మీరు ఎంతో ముచ్చటపడి పెట్టుకున్న పేరుతో ఇక ఎవరూ పిలవరు. మళ్లీ ఆ దుకాణంలో అడుగు పెడితే యజమాని ఒక్క దెబ్బతో ప్రాణం తీస్తాడు. నేను చిన్నప్పుడు మా అక్క పేరు పెట్టుకుని ఈ పని చేశాను. ఆమె ఆ సాయంత్రం తన పేరు వెతుక్కున్న తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది.

రూపీ_లెక్క:

పై సమాధానంలో రూపీల మాట వచ్చింది కాబట్టి మన వైపు వారికి తప్పక వేయవలసిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ ఆటలు జరిగే హైరూల్ రాజ్యంలో చలామణి అయ్యే రూపీకీ మన జేబులోని రూపాయికీ సంబంధం ఉందా? జపాన్ లిపిలో ఆ ఆటలోని డబ్బు పేరునూ, మన దేశపు రూపాయినీ ఒకే అక్షరాలతో 'రుపీ' అని రాస్తారు. కానీ తెర మీద కనిపించేది నాణెం కాదు, నోటు కాదు, ఆరు పలకల రత్నం. జపాన్ లిపిలో కెంపును అనే 'రుబీ'కీ 'రుపీ'కీ మధ్య తేడా ఒక చిన్న గుర్తు మాత్రమే. అమెరికాలో అమ్మిన మొదటి ఆట పుస్తకంలో వర్ణక్రమం కూడా మన రూపాయి వర్ణక్రమం కాదు. వారు దాన్ని వేరుగా రాశారు, మన రూపాయి స్పెల్లింగు తరువాతి ఆటలలో స్థిరపడింది. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా "మన రూపాయే" అని గర్వంగా చెబితే సగం మార్కు ఇచ్చి, రత్నం సంగతి కూడా చెప్పినవారికి పూర్తి మార్కు ఇవ్వండి.

దానికి అనుబంధంగా: మొదటి ఆటలో లింక్ దగ్గర 255 రూపీలకు మించి ఎందుకు నిలవవు? ఆ సంఖ్యను దాచడానికి కేటాయించినది ఒక్క బైటు, ఎనిమిది బిట్‌లు. అందులో పట్టే అతి పెద్ద సంఖ్య 255. అంకెతో ముగిసినా ఇది మీ నియమానికి లోబడే ఉందని నా అభిప్రాయం. ఇంకా విచిత్రం ఏమిటంటే ఆ ఆటలో బాణాలకు వేరే లెక్క లేదు. విల్లు వంచిన ప్రతిసారీ ఒక రూపీ ఖర్చవుతుంది. చేతిలో డబ్బు లేకపోతే బాణమూ లేదు. పోల్స్ వాయిస్‌ను ఒక్క దెబ్బతో చంపాలంటే బాణమే గతి అన్నారు గదా, అంటే మైకు లేని పిల్లలు ఆ కేకకు బదులు రూపీలు కట్టారన్నమాట.

సులువైన ప్రశ్న ఒకటి కావాలంటే ఇది తీసుకోండి: రాకుమారి జెల్డా పాత్రగా మనం ఆడగలిగిన తొలి ఆట ఏది? 2024 సెప్టెంబరు 26న విడుదలైన 'ఎకోస్ ఆఫ్ విజ్డమ్'. ఈ వరుసలో దర్శకత్వం వహించిన తొలి మహిళ తొమోమి సానో కూడా ఆ ఆటతోనే వచ్చారు.

ఆరునొక్కుల_పాట:

రూపీ_లెక్క గారూ, మీ చివరి ప్రశ్నను ఆ రూపంలో అడిగితే క్విజ్ మధ్యలో గొడవ జరగడం ఖాయం. 1993లో ఫిలిప్స్ వారి సీడీ-ఐ యంత్రం మీద వచ్చిన 'ది వాండ్ ఆఫ్ గామెలాన్'లో ఆడేది జెల్డాగానే. అది నింటెండో స్వయంగా తయారుచేసినది కాదు, దాని బొమ్మలను చూసి నవ్వుకోనివారూ లేరు, అయినా ఆ పేరుతో అధికారికంగానే వచ్చింది. అది వద్దనుకుంటే 2009 నాటి 'స్పిరిట్ ట్రాక్స్'లో జెల్డా ఆత్మ ఒక ఇనుప కవచంలో దూరుతుంది. డీఎస్ తెర మీద పుల్లతో గీత గీసి ఆమెను నడిపించేది మనమే. కాబట్టి "నింటెండో తయారుచేసిన ప్రధాన వరుసలో జెల్డా ముఖ్య పాత్రగా ఉన్న తొలి ఆట" అని అడగండి. అలా అడిగినా "మొదటి ఘట్టంలో ఆడేది లింక్‌గానే కదా" అని ఒకరు లేవవచ్చు, నిజానికి ఆట అలాగే మొదలవుతుంది. ఆ మనిషికి ఒక మార్కు ఇచ్చి కూర్చోబెట్టడమే మేలు.

ఇప్పుడు వాన పాట. కకరికో ఊరిలో గాలిమర ఇంట్లో ఒకడు పెట్టెకున్న మరను తిప్పుతూ ఉంటాడు. లింక్ పెద్దవాడయ్యాక అతని దగ్గరకు వెళ్లి ఒకరీనా అనే ఊదే వాయిద్యం తీస్తే మండిపడతాడు: ఏడేళ్ల కిందట ఒక పిల్లవాడు ఇదే వాయిద్యంతో వచ్చి, ఒక పాట వాయించి, గాలిమరను చెడగొట్టి పోయాడని, ఆ పాటను జన్మలో మరువనని అంటాడు. అని, ఆ పాటను మనకు వినిపిస్తాడు. 'A' బటన్, కింది బాణం, పై బాణం. మళ్లీ అదే వరుస. ఆరు నొక్కులు, అంతే. అది నేర్చుకుని లింక్ ఏడేళ్లు వెనక్కి, పిల్లవాడిగా అదే ఇంటికి వెళ్లి, అతని ఎదుటే వాయిస్తాడు. గాలిమర పిచ్చెత్తినట్టు తిరుగుతుంది, ఊరి బావిలో నీరు ఇంకిపోతుంది, అడుగున దాగి ఉన్న దారి బయటపడుతుంది. అంటే పాటను మరవాడు పిల్లవాడి దగ్గర విన్నాడు; పిల్లవాడు పెద్దవాడై మరవాడి దగ్గర నేర్చుకున్నాడు. ఎవరూ కట్టలేదు. చెట్టు ముందా విత్తు ముందా అని మన పెద్దలు అడిగే ప్రశ్నను ఆరు నొక్కులలో పెట్టారు. మీ క్విజ్‌లో ఎవరైనా "కోజీ కొండో" అని జవాబు చెబితే ఏం చేస్తారో ముందే నిర్ణయించుకోండి, ఎందుకంటే అదీ తప్పు కాదు.

నా వైపు నుంచి అదే ఆట మీద ఒక ప్రశ్న. శత్రువు మీద చూపు నిలిపి అతని చుట్టూ తిరుగుతూ పోరాడే పద్ధతి, అంటే జెడ్ బటన్ నొక్కి గురిపెట్టడం, ఎక్కడి నుంచి వచ్చింది? తయారుచేస్తున్న రోజులలో బృందంలోని కొందరు క్యోటోలోని తోయెయ్ సినిమా పార్కుకు వెళ్లారు. అక్కడ ఒక నాటకశాలలో నింజాల కత్తియుద్ధ ప్రదర్శన జరుగుతోంది. చుట్టూ ఎందరు శత్రువులు ఉన్నా ఒక్కడే ముందుకు వస్తున్నాడు, మిగిలినవారు తమ వంతు కోసం ఆగుతున్నారు. గొలుసు కట్టిన కొడవలిని ఒకడు విసిరితే, ఆ గొలుసు బిగువులో రెండవవాడు చుట్టూ తిరుగుతున్నాడు. ఒకడిని గురిపెడితే మిగిలినవారు ఆగడం, కనబడని గొలుసు కట్టినట్టు చుట్టూ తిరగడం, రెండూ ఆ ప్రదర్శనలో చూసినవే. మన సినిమాలలో రౌడీలు ఒకరి తరువాత ఒకరు వరుసలో వచ్చి తన్నులు తినడాన్ని మనం ఎగతాళి చేస్తాము; అదే మర్యాదను చూసి వారు ఒక గొప్ప ఆట పద్ధతిని కనిపెట్టారు.

పాతక్యాసెట్:

ఒకటి మరచిపోయాను. మొదటి ఆటలో పేరు అడిగినచోట 'జెల్డా' అని రాస్తే ఆట నేరుగా రెండవ అన్వేషణలోకి వెళుతుంది; డంజన్‌లు, వస్తువులు దాచిన చోట్లు అన్నీ మారిపోతాయి. అసలు ఆ రెండవ అన్వేషణ ఎందుకు ఉంది? ఆట తయారుచేసినవారిలో ఒకరైన తకాషి తెజుకా డంజన్‌లను గీసి అమర్చినప్పుడు పొరపాటున, ఇచ్చిన మెమరీలో సగమే వాడారు. ఆట సృష్టికర్త మియమోతో దాన్ని చూసి, ఉన్నది ఇలాగే బాగుంది, మిగిలిన సగంలో ఇంకొక ఆట పెడదామన్నారు. లెక్క తప్పినందుకు ఆట రెండింతలైంది. 2017 తరువాత వచ్చినవారికి ఇది తెలిసే అవకాశం తక్కువ, కానీ చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ ఆనందించేదీ వారే.

గాలిమర_వీధి:

అందరికీ కృతజ్ఞతలు. పన్నెండు ప్రశ్నలు సరిపోయాయి, పదమూడవది కూడా చేరింది. సంచి పెంచుకోవడానికి 441 అన్న ప్రశ్నను మొదట పెడతాను, ఎందుకంటే కొత్తవారు ధైర్యంగా చేయి ఎత్తగలిగినది అదే. జెల్డా పాత్ర ప్రశ్నను ఆరునొక్కుల_పాట గారు చెప్పినట్టు దిద్దుకున్నాను. మా బావమరిది 'స్పిరిట్ ట్రాక్స్' మూడుసార్లు పూర్తి చేసినవాడు, పాత రూపంలో అడిగి ఉంటే ఆ రాత్రి భోజనాలు ఆలస్యమయ్యేవి. గాలిమర ప్రశ్నకు "ఎవరూ కాదు" అన్న జట్టుకు పూర్తి మార్కు, "కోజీ కొండో" అన్న జట్టుకు సగం. రెండూ చెప్పిన జట్టుకు అదనంగా ఒక పూతరేకు.

ఎర్రర్ ప్రశ్నను మాత్రం మాటలతో అడగను. ఆరవ ప్రశ్న పూర్తికాగానే టీవీ తెరను నల్లగా చేసి, మధ్యలో ఆ మూడు మాటలు మాత్రం తెల్లని అక్షరాలతో ఉంచి, నేను ల్యాప్‌టాప్ తీగలు ఊడదీసి మళ్లీ పెడుతూ కూర్చుంటాను. ఎవరు లేచి వచ్చి తీగ సరిచేయబోతారో వారి జట్టుకు సున్నా. కదలకుండా కూర్చుని నవ్వినవారిని, అడవిలో ఉన్న అతని మిత్రుడి పేరు అడుగుతాను.